పాత ఏసీకీ రిలీజ్ నోట్స్ కావాలి

డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉండే పాఠకులకి ఈ నెల వ్యాసంతో పెద్దగా పని పడకపోవచ్చు. అక్కడ ఇల్లంతటికీ కలిపి సెంట్రల్ ఏసీ ఉంటుంది. పాడైతే అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తారు. న్యూజెర్సీ, న్యూయార్క్ పాత బిల్డింగుల్లో అద్దెకున్న వాళ్ళ సంగతి వేరు. చలికాలంలో హీటింగు ఓనరు ఇస్తాడు గానీ, ఎండాకాలంలో ఎవరి ఏసీ వాళ్ళే కొనుక్కుని కిటికీలో పెట్టుకోవాలి.

మనం కన్సల్టెంట్లం. ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి పోతాం. పోయే ముందు పరుపు, రైస్ కుక్కరు, డెస్కు, వాటితో పాటు ఆ కిటికీ ఏసీ కూడా అమ్మేసి పోతాం. దేశీ కొట్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే సాయంత్రానికల్లా ఫోన్లొస్తాయి. నేనూ అలా ఒకటి కొన్నాను, అమ్మాను. ఏడేళ్ళ కిందట అమ్మిన ఆ ఏసీ గురించి మొన్న మే నెలలో ఒక మాట విన్నాను. అప్పటినుంచీ మనసులో మెదులుతున్న విషయం ఇది.

2015 జూన్‌లో మాస్టర్స్ పూర్తయ్యి, మొదటి ఉద్యోగంలో చేరి, జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక మూడో అంతస్తులో దిగాను. పై కప్పు వేడంతా మాకే. మా కాలేజీ సీనియర్ ఒకాయన కాలిఫోర్నియా వెళ్ళిపోతూ తన 8,000 బీటీయూ ఏసీని 80 డాలర్లకి ఇచ్చాడు. డబ్బు తీసుకునే ముందు ఆయన చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "రిమోట్ పనిచెయ్యదు. ఫిల్టరు క్లిప్పు విరిగింది, టేపేశాను. వర్షం పడితే కొంచెం చప్పుడు చేస్తుంది. నాలుగేళ్ళ నాటిది. అంతకు మించి నాకు తెలిసిన లోపం లేదు." ఆయన చెప్పినట్టే నడిచింది. మూడు ఎండాకాలాలు హాయిగా గడిచాయి.

2018 ఎండాకాలంలో దానికి ఒక జబ్బు మొదలైంది. ఆన్ చేస్తే చక్కగా చల్లబరిచేది. రెండు గంటలు గడిచాక ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది గానీ గాలి వెచ్చబడేది. అరగంట ఆపి మళ్ళీ వేస్తే మామూలే. ఆగస్టులో నాకు టెక్సస్ ప్రాజెక్టు వచ్చింది. కాగితం అంటించాను. అప్పుడే ఇండియా నుంచి దిగిన ఒక కుర్రాడు భార్యతో సహా వచ్చి చూశాడు. పదిహేను నిముషాలు వేసి చూపించాను. గది చల్లబడింది. 90 డాలర్లకి అమ్మాను. అవును, కొన్నదానికంటే పది ఎక్కువకే. రెండు గంటల సంగతి మాత్రం చెప్పలేదు. అతను అడగలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇక్కడ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఏసీలో చల్లదనం పుట్టించే పని కంప్రెసర్‌ది. అది మితిమీరి వేడెక్కితే కాలిపోకుండా, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ అనే చిన్న స్విచ్చి దానికి కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్ళీ కలుపుతుంది. వెనక కాయిల్‌కి దుమ్ము పట్టినా, కెపాసిటర్ బలహీనపడినా, కంప్రెసరే ముసలిదైనా ఇలా జరగొచ్చు. పదిహేను నిముషాల డెమోలో ఇది బయటపడదు. మన భాషలో చెప్పాలంటే ఇది మెమరీ లీక్ లాంటిది. టెస్టులన్నీ పాసవుతాయి, ప్రొడక్షన్‌లో రెండు గంటల తరవాత సర్వర్ పడిపోతుంది.

అంటే పాత ఏసీ బేరంలో అసలు సమాచారమంతా అమ్మేవాడి దగ్గరే ఉంటుంది. సోఫా కొనేవాడు కూర్చుని చూస్తాడు. సైకిల్ కొనేవాడు తొక్కి చూస్తాడు. ఏసీ కొనేవాడు ఎదుటివాళ్ళ ఇంట్లో రెండు గంటలు కూర్చోలేడు. అక్టోబరులో కొంటే అసలు ఆన్ చేసి చూసే వీలే ఉండదు. బయట 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలిగా ఉన్నప్పుడు మామూలు విండో ఏసీ నడపకూడదు, లోపల కాయిల్‌కి మంచు పడుతుంది. అందుకే చలికాలం ధర చవగ్గా ఉంటుంది. ఆ చవకలో కొంత మనం చూడలేని దానికి కట్టే వెల.

ఇలాంటి బేరాల గురించి జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఒక ప్రసిద్ధమైన పేపరు రాశాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్లు. ఏది మంచి కారో ఏది చెడ్డ కారో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారు ఉన్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. మిగిలేవి చెడ్డవి. అది తెలిసి కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు. చివరికి ఆ సంతలో చెత్తే మిగులుతుంది. ఇలాంటి విశ్లేషణకే 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మనవాళ్ళ మధ్య జరిగే ఈ చిన్న సంతకి ఆ లెక్క వర్తించదనీ, మనలో మనకి నమ్మకం ఉందనీ నేననుకునేవాణ్ణి. మొన్నటిదాకా.

మే నెలలో పనిమీద ఎడిసన్ వెళ్ళినప్పుడు ఒక పుట్టినరోజు విందులో ఆ కుర్రాడు కనిపించాడు. ఇప్పుడతను ఇల్లు కొనుక్కున్నాడు, ఇద్దరు పిల్లలు. మాటల్లో నేనే ఎత్తాను, ఆ ఏసీ ఎలా పనిచేసిందని. అతను నవ్వాడు. "రాత్రి పడుకున్నాక ఆగిపోయేదన్నా. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. అలారం పెట్టుకుని లేచి, ఆపి, మళ్ళీ వేసేవాణ్ణి. ఒక రాత్రి మరీ తట్టుకోలేక హోటల్‌కి పోయాం."

నేను క్షమాపణ చెప్పాను. ఆ జబ్బు నాకు ముందే తెలుసని కూడా చెప్పాను. డబ్బు తిరిగిస్తానన్నాను. "వదిలెయ్యండన్నా, అప్పట్లో అందరం అంతే. నేను కూడా దాన్ని అక్టోబరులో వేరేవాళ్ళకి అమ్మేశాను. చలికాలంలో ఎవరు ఆన్ చేసి చూస్తారు?" అన్నాడు.

అతను తిట్టి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదేమో. నా దగ్గరికి మంచి మాటతో వచ్చిన ఏసీ నా దగ్గర్నించి అబద్ధంతో పోయింది. అతని దగ్గర్నించి కూడా అలాగే పోయింది. కొత్తగా దిగినవాళ్ళకి ఇక్కడ బేరాలు ఎలా చెయ్యాలో మొదట నేర్పేది ముందొచ్చిన మనమే. నేనేం నేర్పానో తేలిపోయింది.

నా అభిప్రాయం ఇంతే. మనం ప్రతి రిలీజ్‌కీ నోట్స్ రాస్తాం. అందులో తెలిసిన లోపాలు అని ఒక భాగం ఉంటుంది. అది లేకుండా క్లయింటుకి పంపితే మేనేజరు ఊరుకోడు. అలాంటి కాగితమే అమ్మే ఏసీకి కూడా రాసి, టేపుతో దానికే అంటించాలి. నోటిమాట అయితే మరిచిపోతాం, మొహమాటపడతాం. కాగితమైతే ఆ తరవాత కొనేవాడి దాకా వెళ్తుంది.

అందులో ఏముండాలి? పక్కనో వెనకో ఉండే లోహపు ప్లేటు మీద సగం ఉంటుంది. ఎన్ని బీటీయూలు, ఎన్ని వోల్టులు, ఏ సంవత్సరంలో తయారైంది, ఏ గ్యాస్ అన్నవి చూసి రాయండి. బీటీయూ ముఖ్యం. 150 నుంచి 250 చదరపు అడుగుల గదికి 6,000, 300 నుంచి 350 అడుగుల గదికి 8,000 సరిపోతుంది. ఎండ బాగా పడే గదైతే పది శాతం కలుపుకోవాలి. మరీ పెద్దది కొన్నా నష్టమే. గది త్వరగా చల్లబడి యంత్రం ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం పోదు. ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది.

తరవాత మీరే రెండు గంటలు నడిపి చూసిన ఫలితం రాయండి. లోపలికి పీల్చే గాలికీ బయటికొదిలే గాలికీ మధ్య 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే మంచిదే. వంటింటి థర్మామీటరు చాలు. నీళ్ళు గదిలోకి కారుతున్నాయా, మగ్గిన వాసన వస్తోందా, ప్లగ్గు మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు ఆగుతోందా అన్నవి రాయండి. చివర్లో "నాకు తెలిసిన లోపాలు" అని రాసి, నిజం రాయండి.

గ్యాస్ గురించి ఒక మాట. ఇండియాలో మనకి ఒక అలవాటుంది. ప్రతి ఎండాకాలం మెకానిక్ వచ్చి "గ్యాస్ కొట్టించాలి సార్" అంటాడు, మనం కొట్టిస్తాం. గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఇక్కడ చిన్న విండో ఏసీలకి గ్యాస్ పట్టే మార్గం మామూలుగా ఉండదు. ఆ గ్యాస్ ముట్టుకోవడానికి ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. ఆ మనిషిని పిలిపిస్తే అయ్యే ఖర్చుతో కొత్త ఏసీ వస్తుంది. కాబట్టి "కొంచెం గ్యాస్ తక్కువుంది, కొట్టిస్తే సరిపోతుంది" అని అమ్మడం మోసమే.

అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి. ప్లేటు మీద ఆర్-22 అని ఉంటే అది 2010కి ముందు నాటిది అయ్యుంటుంది. ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని ఆ గ్యాస్ తయారీనీ దిగుమతినీ అమెరికాలో 2020 జనవరి 1తో ఆపేశారు. దానికి డబ్బు అడగొద్దు. రోడ్డు పక్కన పడేయొద్దు కూడా. ఎవరో రాగి కోసం గొట్టం కోస్తే గ్యాసంతా గాలిలో కలుస్తుంది. అలా వదలడం చట్టప్రకారం నేరం. ఓజోన్‌కి హాని చెయ్యని ఆర్-410ఏ కూడా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకి రెండు వేల రెట్లు మించినది. మీ టౌన్ రీసైక్లింగ్ వాళ్ళని అడిగితే గ్యాస్ తీసి మరీ పడేసే దారి చెబుతారు.

రెండోది రీకాల్ అయినవి. 2025 జూన్‌లో యూ ఆకారంలో ఉండే విండో ఏసీలు సుమారు 17 లక్షలు రీకాల్ అయ్యాయి. లోపల నీళ్ళు నిలిచి బూజు పడుతోందని కారణం. రీకాల్ అయిన వస్తువు అమ్మడం 2008 చట్టం ప్రకారం తప్పు. యార్డ్ సేల్ పెట్టేవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. అమ్మే ముందు మోడల్ నంబరు ఒకసారి సరిచూసుకోండి.

"అంత నిజం రాస్తే ఎవరు కొంటారు?" అని మా ఆవిడే అడిగింది. "పాత వస్తువు కొనేవాడికి ఆ మాత్రం తెలీదా? ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే కదా?" ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలంటే, ఉన్నదేమిటో ముందు చెప్పాలి కదా. ధర తగ్గుతుంది, నిజమే. నేను నిజం రాసి ఉంటే ఆ ఏసీకి 30 డాలర్లు వచ్చేవేమో. 60 డాలర్లు పోయేవి. ఆ కుర్రాడు 30 పెట్టి కొని, కాయిల్ కడిగించి చూసుకునేవాడు, లేదా అసలు కొనకుండా కొత్తది తెచ్చుకునేవాడు. ఏదైనా, తెలిసి తీసుకున్న నిర్ణయం అయ్యేది.

మరి కొత్తదే కొనమని అందరికీ చెప్పొచ్చుగా అంటారా? లెక్క చూద్దాం. 8,000 బీటీయూల పాత ఏసీ సామర్థ్యం 10 అయితే 800 వాట్లు, కొత్తది 12 అయితే 667 వాట్లు తీసుకుంటుంది. రోజుకి ఎనిమిది గంటల చొప్పున తొంభై రోజులు ఆగకుండా నడిచినా తేడా 96 యూనిట్లు. యూనిట్‌కి 20 సెంట్లు వేసుకుంటే ఏడాదికి 19 డాలర్లు. ఇంత చిన్న తేడా కోసం బాగా నడిచే ఏసీని చెత్తలో పడెయ్యక్కర్లేదు. నిజాయితీగా అమ్మిన పాత ఏసీ కొత్తగా దిగినవాళ్ళకి మంచి సాయం. మా సీనియర్ నాకు చేసింది అదే.

ఆ కుర్రాడు డబ్బు తీసుకోలేదు. అతని దగ్గర కొన్నవాళ్ళెవరో అతనికి గుర్తు లేదు. ఇప్పుడు ఆ ఏసీ ఏ కిటికీలో ఉందో, అసలు ఉందో లేదో తెలీదు. నేను చెయ్యగలిగింది ఇది రాయడమే. ఈసారి మీరు ఇల్లు మారేటప్పుడు, ఏసీ అమ్మే ముందు ఒక తెల్లకాగితం, ఒక పెన్ను తీసుకుని పది నిముషాలు కూర్చోండి.