సెలవుల్లో ఆకలికి సెలవు లేదు

నాయక రాజుల కాలం నుండి తెలుగువారు మధురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే అరుంధతీయులు వారిలో అనేకులు. దళితుల్లోనూ అట్టడుగుకు నెట్టబడిన ఈ ప్రజల్లో చాలామందికి నేటికీ నగర పారిశుద్ధ్య పనే ఆధారం. తెల్లవారకముందే తల్లి చీపురు పట్టుకొని వీధుల్లోకి వెళ్లాలి. ఊరంతా శుభ్రమయ్యే వేళకు కూడా ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వెళ్తారు.

ఇలాంటి ఆకలి తీర్చడానికే 2022 సెప్టెంబరు 15న ముఖ్యమంత్రి స్టాలిన్ మధురైలో బడి పిల్లలకు ఉదయం అల్పాహార పథకాన్ని ప్రారంభించారు. 2023 ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ దాన్ని విస్తరించారు. 1 నుండి 5వ తరగతి పిల్లలకు వేడి ఉప్మా, పొంగల్, కిచిడీ అందుతున్నాయి. కామరాజ్ కాలంలో మొదలైన మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంది. ఇది మెచ్చుకోదగిన పని.

అయితే ఈ భోజనం బడి తెరిచి ఉన్నంత కాలమే. వేసవి సెలవుల్లో రెండు పూటలూ ఆగిపోతాయి. తల్లి పనికి మాత్రం సెలవు లేదు. మన ఆంధ్ర తీరంలోనూ ఇదే బాధ. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేటపై నిషేధం. వేట లేక ఇంట్లో రాబడి ఉండదు, సెలవుల వల్ల బడిలో భోజనం ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది, తమిళనాడులో 25 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు.

ప్రియ యౌవనులారా, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ చదవండి. యెరూషలేము సంఘంలో రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగింది. భాష వేరైనవారే పంక్తిలో మరువబడ్డారు. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు, ప్రార్థనతోనే సరిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పరచి, పంపకం సరిగా జరిగే ఏర్పాటు చేశారు. ఆకలికి కావలసింది జాలి ఒక్కటే కాదు, ఏర్పాటు.

మన సంఘాలు ఏటా వేసవిలో పది రోజులు వి.బి.ఎస్. జరుపుతాయి. పాటలు, కథలు, చివర బిస్కెట్ పొట్లం. ఈసారి సెలవులు ముగిసేవరకు పేటలో పిల్లలందరికీ, ఏ మతమని అడగకుండా, ఉదయం టిఫిన్ పెడదాం. వారానికి కొన్నిసార్లైనా గుడ్డు, పప్పు ఉండాలి. వండే తల్లులకు కూలి ఇద్దాం. రేషన్ కార్డు లేని ఇళ్లు, అంగన్‌వాడీలో పేరులేని పసిబిడ్డలు, గర్భిణులు ఎందరో యువకులు ఇంటింటికీ వెళ్లి రాసుకోండి. దరఖాస్తు నింపి, వారితో కలిసి కార్యాలయానికి వెళ్లండి. సెలవుల్లోనూ పిల్లలకు భోజనం పెట్టమని ప్రభుత్వాన్ని అడగండి.

క్రిస్మస్‌కు ఇచ్చే బియ్యం సంచి మంచిదే. కానీ మే నెలలో ఉదయం ఎనిమిది గంటలకు ఆ బిడ్డ కంచంలో ఏముందో చూడటం కూడా సంఘం పనే.