ఊలు బంతి... నూలు బొంత

తెల్లవారుజామున ఐదున్నర. జగ్గయ్యపేటలో ఓ ఇంటి వీధి తలుపు గడియ తీసిన చప్పుడు. తెల్ల నిక్కరు, కాన్వాసు బూట్లు, భుజాన బ్యాట్ల సంచితో మాస్టారు బయల్దేరారు. అదే నిమిషంలో పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు. కొంగు నడుముకు దోపుకుని, చేతిలో బకెట్టుతో ఆవిడ అటు బయల్దేరారు. ముప్ఫై ఆరేళ్ల కాపురం. పెళ్లిళ్లకీ, పెనుగంచిప్రోలు తిరునాళ్లకీ తప్ప ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి కలిసి బయటికి వెళ్లిన ఉదయాలు తక్కువే.

మాస్టారంటే హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. ఆవిడంటే... మాస్టారి భార్య. వీధిలో అందరూ అలాగే అంటారు. ఆవిడకో పేరుందన్న సంగతి రేషన్ కార్డుకీ, నందిగామలోని పుట్టింటివాళ్లకే గుర్తు.

సెలవు రోజు రాగానే మొగుడు గోల్ఫ్ కర్రలు పుచ్చుకుని మైదానానికి పోతే, ఇంట్లో ఒక్కతీ మిగిలిన భార్యను ఇంగ్లిష్‌వాళ్లు ‘గోల్ఫ్ విడో’ అంటారు. భర్త నిక్షేపంలా ఉండగా ఆ మాటేమిటని మనవాళ్లు చెవులు మూసుకుంటారు గానీ, బాధ మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే. అయితే ఇటు మునేరు, అటు పాలేరు పారే ఈ మెట్ట నేలల్లో పత్తీ, మిర్చీ పండుతాయి గానీ గోల్ఫ్ గడ్డి మొలవదు. ఇక్కడి మగవాళ్లని పొద్దున్నే ఇంట్లోంచి లాక్కుపోయే ఆటలు వేరు. మాస్టారిది బాల్ బ్యాడ్మింటన్.

షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. ఈ తేడా చెప్పకపోతే మాస్టారికి కోపం వస్తుంది. ఈకల షటిల్ చిన్న గాలికే పక్కకి పోతుంది. దీనికి వాడేది పసుపుపచ్చ ఊలు బంతి. 27 నుంచి 30 గ్రాముల బరువు, నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. గాలిని లెక్కచెయ్యదు, అందుకే ఆరుబయట ఆడొచ్చు. 24 మీటర్ల పొడుగు, 12 మీటర్ల వెడల్పు కోర్టులో వల కిటూ అటూ ఐదుగురేసి. తంజావూరు రాజకుటుంబం 1856 నాటికే ఈ ఆట ఆడిందని చెబుతారు. 1954లో దేశం మొత్తానికీ ఫెడరేషన్ ఏర్పడింది. ఆంధ్రదేశంలో హైస్కూలు గ్రౌండ్లలో నాలుగు గీతలు గీసి, రెండు గుంజలు పాతి ఆడేసిన తరం ఒకటుంది. మాస్టారు ఆ తరం మనిషి. ఎనిమిదింటికి చెమటతో తిరిగొచ్చి, ఇడ్లీ తింటున్నంతసేపూ ఆ రోజు ఎవరు ఎలా కొట్టారో చెబుతారు. ఆవిడ చట్నీ వడ్డిస్తూ ఊఁ కొడుతుంది. వింటోందని ఆయన నమ్మకం.

ఈలోపు ఆవిడ పెరట్లో చేసి వచ్చిన పని గురించి మాత్రం ఆ ఇంట్లో మాట రాదు. ఈ ఊళ్లో మొక్క పెంచడం అంత తేలికేం కాదు. గునపం జానెడు దిగేసరికి ఖంగుమని సున్నపురాయి తగులుతుంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు మరి. రాయి లేనిచోట నల్లరేగడి. వానాకాలం కాళ్లకి ముద్దలా అంటుకుంటుంది, మే నెలలో చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. అలాంటి పెరట్లో ఓ కరివేపాకు చెట్టు, మునగ, రెండు అరటి, దొండపాదు, నందివర్ధనం, కనకాంబరాలు. గిన్నెలు కడిగిన నీళ్లు అరటికి. పులిసిపోయిన మజ్జిగ కరివేపాకుకి. బియ్యం కడిగిన నీళ్లు ఒకప్పుడు కుడితిలో కలిసి గేదెకి పోయేవి. గేదె లేదు కాబట్టి ఇప్పుడవి దొండపాదుకి.

అన్నిటికంటే ప్రాణం చిక్కుడుపాదు. ఆషాఢంలో గింజ పెడితే సంక్రాంతికి పందిరి నిండుతుంది. రథసప్తమి రోజు చిక్కుడు కాయలతోనే సూర్యుడికి రథం కట్టాలి. ఆ వీధిలో సగం రథాలకి కాయలు ఈ పందిరివే. మొదటి కోత కాయల్లోంచి నాలుగు నదురైనవి తియ్యకుండా ఉంచి, ఎండాక ఒలిచి, బూడిదలో కలిపి సీసాలో దాస్తుంది. ఆ విత్తనం నందిగామ నుంచి తెచ్చుకున్నది. ఆవిడ అమ్మ పందిరిది.

ఇక మధ్యాహ్నం. మాస్టారు భోంచేసి నడుం వాలుస్తారు. ఒంటిగంటన్నర నుంచి నాలుగింటిదాకా ఆవిడది. వసారాలో చాప పరిచి, చీరలు దింపి, బొంత మొదలుపెడుతుంది.

బొంత లెక్క తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి చెప్పుకోవాలి. ఆరు గజాల చీర మూడు మడతలు పెడితే రెండు గజాల నిడివి. అంటే మనిషి నిడివి. ఒక్క చీరకి మూడు పొరలొచ్చాయి. ఇంకో చీర కలిపితే ఆరు. బాగా చలికి మరొకటి. లోపల మాసికలు పడ్డ పంచెలైనా పర్లేదు, పైనా కిందా మాత్రం ఒంటికి మెత్తగా తగిలే చీర ఉండాలి. నాలుగు మూలలా బరువులు పెట్టి, ముడత లేకుండా చేత్తో నిమిరి, ముందు పెద్ద పెద్ద టాకాలు వెయ్యాలి. పొర జరిగిందా, ఆ బొంత జన్మంతా వంకరే. తర్వాత అంగుళానికో వరస చొప్పున పొడుగ్గా కుట్టుకుపోవాలి. 45 అంగుళాల వెడల్పుకి 45 వరసలు. అంగుళానికి రెండు కుట్లు అనుకున్నా, వరసకి 144. మొత్తం ఆరువేల నాలుగువందల ఎనభై. ఇదంతా సూది వెనక్కి తిప్పకుండా ఏకబిగిన వస్తే! మధ్యలో పాలవాడు, గ్యాస్ బండ, ఫోను, ‘‘ఏమోయ్, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు’’.

ఆ ‘ఖాళీగా’ దగ్గరే ఉంది తిరకాసంతా. ఆయన బంతి కొడితే ఆట. ఆవిడ సూది పడితే ఖాళీ. రెండింటికీ పట్టేది అవే రెండున్నర గంటలు. తేడా ఏమిటంటే ఆయన ఆటకి మధ్యలో ఎవరూ టీ అడగరు.

ఇంతకీ గొడవ వచ్చింది టీ దగ్గర కాదు. 2024 జనవరిలో, మంచి చలిరోజు.

‘‘ఏమండీ, వసారా మంచం మీద బొంతేది?’’

‘‘కోర్టు దగ్గర సిమెంటు బెంచీ మంచులా ఉందోయ్. కూర్చోడానికి పట్టుకెళ్లాం. పాత బొంతేగా!’’

‘‘అది మా అమ్మ చీర.’’

అంతే. ఆ పైన రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. ఇడ్లీ దగ్గర ఆట కబుర్లకి ఊఁ కొట్టేవాళ్లూ లేరు. మూడోరోజు మాస్టారే ఆ బొంత తెచ్చి, తనే ఉతుకుతానని పంపు కింద పెట్టారు. నీళ్లు తాగిన బొంత ఎంత బరువుంటుందో అరవై దాటాక మొదటిసారి తెలిసింది. ఓ చివర ఎత్తితే ఇంకో చివర నేల విడవదు. చివరికి ఆవిడే వచ్చి రెండో కొస పట్టుకుంటే, ఇద్దరూ కలిసి మేడమీదికి మోశారు. రాజీ కుదిరిందనుకుని మాస్టారు సోషల్ పాఠం మొదలెట్టారు. ‘‘మన ధనం బోడు స్తూపం లేదూ, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడే... అక్కడి భిక్షువులూ గుడ్డపీలికలు కలిపి కుట్టిన చీవరాలే కట్టుకునేవాళ్లు. అంటే మన ఊరికి బొంత రెండువేల ఏళ్ల నాటిది.’’ ఆవిడ నవ్వలేదు. క్లిప్పు పెట్టమంది.

మాస్టారు చెప్పింది అతిశయోక్తే అయినా, పాత గుడ్డకి విలువ కట్టినవాళ్లు లోకంలో లేకపోలేదు. బెంగాల్లో పాత చీరలపై కుట్టిన కాంథా ఇప్పుడు ఖరీదైన దుకాణాల్లో వేలాడుతోంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని అరిగిపోయిన బట్టలతో చలికి కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలకెక్కించారు. అక్కణ్నుంచి అవి న్యూయార్కు విట్నీ మ్యూజియానికి వెళ్లాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. మన దగ్గర? ‘పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా’ అని వీధిలో కేక వినబడితే, నాలుగు చీరలకి ఓ గిన్నె. బేరం బాగా చేస్తే మూత కూడా.

ఆ గిన్నెల వాళ్లని అని లాభం లేదు. అసలు చీరే మారిపోయింది. పాలిస్టరు ఉతకడానికి సుఖం, ఇస్త్రీ అక్కర్లేదు, చిరగదు. కానీ చెమట పీల్చదు, కుట్టు దగ్గర జారిపోతుంది. బొంతకి నూలు చీరే కావాలి. అదీ కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ మెత్తబడ్డ నూలు. కొత్త చీరతో కుట్టిన బొంత అట్టలా ఉంటుంది. అంటే బొంత కుట్టాలంటే ముందు ఒక మనిషి ఓ పదేళ్లు ఆ చీర కట్టి ఉండాలి. అది ఏ దుకాణంలోనూ దొరికేది కాదు.

ఆవిడకి అలాంటివి నందిగామలో తొమ్మిదున్నాయి. అమ్మ పోయాక అన్నయ్య ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంచినవి. తెచ్చుకుందాం, తెచ్చుకుందాం అని నాలుగేళ్లు. బస్సెక్కితే గంటలోపు ఊరే కదా అన్న ధీమా. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చినప్పుడు గుండె గుబుక్కుమంది. ఆ ఏడు పెట్టె తడవలేదు. మరుసటేడు, 2024 సెప్టెంబరు మొదట్లో, హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మళ్లీ అక్కడే తెగింది. ఈసారి అన్నయ్య ఇంట్లో మంచం కోళ్ల దాకా నీళ్లు. రోడ్డు తెరిచాక మాస్టారూ ఆవిడా కలిసి వెళ్లారు. ఆ రోజు ఒకే గుమ్మంలోంచి.

ముంపు దిగిన వీధిలో గోడలన్నిటి మీదా పరుపులు, బొంతలు. చైనా దుప్పట్లు సాయంత్రానికే ఆరిపోయాయి. బొంతలు మూడోరోజుకీ నీళ్లు కారుతున్నాయి, ముక్క వాసన. కష్టకాలంలో దేనికదే సాటి అనడానికి లేదు, అక్కడ ఆ దుప్పటే గెలిచింది. పెట్టె తెరిస్తే మూడు చీరలకి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఆరు మిగిలాయి. మాస్టారు ఒక్కొక్కటీ విప్పి, రెండో కొస పట్టుకుని, మాట్లాడకుండా పిండారు.

ఆరు చీరలు. పెద్ద బొంతలు రెండొస్తాయి. లేదా ఒక పెద్దదీ, నాలుగు చంటిపిల్లల బొంతలూ. మరుసటి వేసవిలో ఆ చీరల్ని చాప మీద పరిచి ఆవిడ వారం రోజులు సూది పట్టలేదు. డాలస్‌లో కూతురు నెల తప్పిందని కబురు వచ్చాక కత్తెర తీసింది.

‘‘అమ్మా, ఇక్కడ బేబీ బ్లాంకెట్లు బోలెడున్నాయే. పెట్టెకి 23 కిలోలే ఒప్పుకుంటారు. పచ్చళ్లు తెచ్చుకో, బొంతలు ఎందుకు?’’ అంది కూతురు. ఆ వెంటనే గొంతు మార్చి, ‘‘ఆదివారం వస్తే ఈయన గోల్ఫుకి పోతాడమ్మా. మధ్యాహ్నందాకా రాడు. ఒక్కదాన్నే ఉంటాను’’ అంది.

మాస్టారు పక్కనే ఉన్నారు. పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

‘‘పోనీవే. ఆ పూట నీది. చేతిలో ఏదైనా పని పెట్టుకో, నీ కోసం. కానీ ఆ టైములో టీ అడక్కుండా ముందే చెప్పు’’ అంది ఆవిడ. గంతకు తగ్గ బొంత అని జంటల్ని చూసి వెక్కిరిస్తాం గానీ, తగ్గట్టు అమరడానికి ఈ ఇంట్లో ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

చంటి బొంతలు నాలుగూ దీపావళికి అయ్యాయి. పెద్దదానికి ఇంకా పన్నెండు వరసలుండగా ఆవిడకి కంట్లో శుక్లం మొదలైంది. కుట్టడం చెయ్యి చూసుకుంటుంది, దారం ఎక్కించడమే రావట్లేదు. ఇప్పుడు తెల్లవారుజామున బ్యాట్ల సంచి తగిలించుకునే ముందు మాస్టారు లైటు కింద కూర్చుని పది సూదులకి దారం ఎక్కిస్తున్నారు. పీచు లేచి ఆటకి పనికిరాని పాత ఊలు బంతికి వాటిని వరసగా గుచ్చి, వసారా గూట్లో పెట్టి వెళ్తున్నారు. ఎనిమిదింటికి వచ్చి ఆట కబుర్లు చెబుతారు. మధ్యాహ్నానికి బంతిలో సూదులు ఎన్ని మిగిలాయో కూడా చూస్తారు.

రథసప్తమి వెళ్లాక ప్రయాణం. కిరాణా కొట్టు కాటా మీద పెట్టె తూస్తే కిలోన్నర ఎక్కువొచ్చింది. ఆవకాయ తియ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. కాసేపు చూసి, మాస్టారు రెండు బ్యాట్లూ, బూట్లూ బయట పెట్టారు. బొంతలు నాలుగూ అలాగే ఉన్నాయి. పెద్దది ఇంట్లోనే, ఇంకా రెండు వరసలు బాకీ.

ఇల్లు తాళం పెట్టేముందు పెరటి తాళంచెవి పక్కింటావిడ చేతికిచ్చి ఆవిడ అన్నమాట ఒక్కటే. ‘‘వదినా, కాయలన్నీ మీరే కోసుకోండి. పందిరి మూల ఎర్రదారం కట్టిన నాలుగు గుత్తులు మాత్రం ముట్టుకోకండి. అవి విత్తనానికి.’’