వైరస్ మీద నెపం, మనిషి మీద నింద

మెదడులో లింఫోమా అనే క్యాన్సరు వచ్చి చనిపోయిన మా చుట్టం ఒకాయన పెద్దకర్మ మొన్నీమధ్య ఇబ్రహీంపట్నంలో జరిగింది. భోజనాల పంక్తిలో ఒక రిటైర్డు ఉద్యోగి, చదువుకున్నవాడే, నలుగురికీ వినపడేలా అన్నాడు: "అది వైరస్‌తోని వచ్చే క్యాన్సరట. హెచ్‌ఐవీ ఉన్నోళ్లకే వస్తదట. లేకుంటే డాక్టర్లు ఊకెనే ఆ టెస్టు రాస్తరా?" పంక్తిలో ఒక్కరూ కాదనలేదు. తలలూపిన వాళ్లే ఎక్కువ. పది రోజులు తిరక్కముందే పోయినాయన చిన్నబిడ్డకు ఇంచుమించు ఖాయమైన సంబంధం వెనక్కి పోయింది. కారణం ఎవరూ పైకి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, ఊరంతటికీ తెలుసు.

పోయినాయనకు హెచ్‌ఐవీ లేదు. ఈ సంగతి ఆ ఇంటివాళ్లే ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవాల్సి వస్తున్నది. మనిషి పోయిన ఇంట్లో ఏడ్చే తీరిక కూడా లేకుండా, రక్తపరీక్ష కాగితం పట్టుకుని శీలానికి సాక్ష్యం చూపించుకోవడం ఏమి ఖర్మ! ఉన్నా సరే, అది తలదించుకోవాల్సిన విషయం ఎందుకయింది? హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదని, వాళ్ల సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో పార్లమెంటు చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులో ఉంది. కాగితం మీది ఆ చట్టం ఒక భోజన పంక్తి దాకా కూడా రాలేకపోయింది.

మెదడు లింఫోమాకూ వైరస్‌కూ సంబంధం ఉందన్న మాట ఆ రిటైర్డు ఉద్యోగి గాలిలోంచి తీయలేదు. సంబంధం ఉంది. ఎక్కడ ఉందో, ఎవరి విషయంలో ఉందో తెలుసుకునే ఓపికే లేదు. కరోనా వచ్చి పోయిన నాటి నుంచి మన ఊళ్లలో ప్రతి రోగానికీ వెనక ఒక వైరస్‌ను వెతకడం అలవాటయింది. కాళ్లు లాగినా వైరస్సే, జుట్టు ఊడినా వైరస్సే, గుండె ఆగినా వైరస్సే, లేదంటే టీకా. ఇప్పుడు మెదడు క్యాన్సరు వంతు వచ్చింది.

ఆ వైరస్ పేరు ఎప్‌స్టీన్-బార్. ఈబీవీ అంటారు. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండాలో పిల్లల దవడల మీద లేచే గడ్డలను చూసి 1958లో వాటి గురించి రాశాడు. ఆ గడ్డల కణాల్లోనే 1964లో ఆంటొనీ ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. మనిషిలో క్యాన్సరుకు ముడిపడిన మొట్టమొదటి వైరస్ అదే. అంతవరకు నిజం. తరవాతి నిజం మాత్రం పంక్తిలో ఎవరి నోటా రాదు: ప్రపంచంలోని పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఆ వైరస్‌ను మోస్తున్నారు. ఉమ్మి ద్వారా వస్తుంది. తల్లి నమిలి పెట్టిన ముద్దతోనో, ఒకే గ్లాసుతో తాగిన నీళ్లతోనో మన దేశంలో చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది, మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. ఆ తరవాత బి కణాలనే తెల్లరక్తకణాల్లో నోరు మూసుకుని జీవితాంతం పడుంటుంది. ఆ మాట అన్న పెద్దమనిషి ఒంట్లోనూ ఉంటుంది. సంబంధం వద్దనుకున్న పెండ్లికొడుకు ఒంట్లోనూ ఉంటుంది.

వైరస్ ఉంటే చాలు మెదడులో లింఫోమా వచ్చేస్తుందంటే ఊళ్లు ఖాళీ కావాలి. అమెరికా లెక్కల్లో ఈ జబ్బు ఏడాదికి పది లక్షల మందిలో నాలుగైదుగురికి మించి రాదు. మెదడులో పుట్టే కణితులన్నింటిలోనూ ఇది నూటికి మూడు నాలుగు. ఇంటింటా ఉన్న వైరస్‌కూ ఇంత అరుదైన జబ్బుకూ నడుమ ఇంకేదో ఉండాలని చిన్నపిల్లవాడికైనా తోచదా?

ఆ నడుమ ఉన్నది రోగనిరోధక శక్తి. వైరస్ దూరిన బి కణం హద్దు దాటితే పట్టుకుని చంపే పని టి కణాలది. ఎయిడ్స్ ముదిరి సీడీ4 అనే టి కణాల లెక్క 50 కిందికి జారినవాళ్లలో ఆ కాపలా కూలిపోతుంది. అలాంటి రోగుల మెదడు లింఫోమాల్లో దాదాపు అన్నింటిలోనూ ఈబీవీ కనపడుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని, కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లలో అరుదుగా వచ్చేదాంట్లోనూ ఎక్కువగా ఇదే కథ. అక్కడ వైరస్ పాత్రను ఎవరూ కాదనరు. 1996 తరవాత హెచ్‌ఐవీని అణచే శక్తిమంతమైన ఏఆర్‌టీ మందులు వచ్చాక పాశ్చాత్య దేశాల్లో ఎయిడ్స్ రోగుల మెదడు లింఫోమాలు బాగా తగ్గిపోయాయి. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఆ మందులు ఉచితంగా ఇస్తున్నది. ఆ మందులు ఈబీవీని చంపవు. కాపలాను నిలబెడతాయి, అంతే. దానితోనే లింఫోమా తగ్గిందంటే తప్పు ఎవరిదో తేలిపోలేదా?

మరి మా చుట్టంలాంటి వాళ్ల సంగతి? అరవై దాటినవాడు, హెచ్‌ఐవీ లేనివాడు, ఏ మార్పిడీ చేయించుకోనివాడు. మన దేశంలో మెదడు లింఫోమాతో ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హెచ్‌ఐవీ గానీ మార్పిడి గానీ లేనివాళ్లే. ఇటువంటివాళ్ల కణితిలోంచి తీసిన ముక్కలో ఈబీవీ కోసం వెతికితే నూటికి తొంభై పాళ్లు దొరకదు. దొరికేవి వేరు: ఎంవైడీ88, సీడీ79బీ అనే జన్యువుల్లో మార్పులు. బి కణానికి పెరగమని చెప్పే మీట బిగుసుకుపోతుంది. అది అంటుకోదు. ముట్టుకుంటే రాదు. ఆయన తిన్న కంచాన్ని విడిగా పెట్టిన ఆ ఇంటి కోడలికి ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఆ ముసలాయన చివరి రోజుల్లో ఆకులో తినేవాడు కాదు.

హెచ్‌ఐవీ పరీక్ష ఎందుకు రాస్తారన్నది కూడా తేల్చేద్దాం. తలలో గడ్డ కనపడితే ముందుగా తెలియాల్సింది ఒంట్లో కాపలా ఉందా లేదా అన్నది. లేకుంటే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గడ్డ కావచ్చు, దాని మందు వేరు. ఉంటే వెతకాల్సిన దారి ఇంకొకటి. అది వైద్యానికి దారి చూపే పరీక్ష. నడవడికకు కొలబద్ద చేసింది మనం.

నగరంలో కొన్ని ల్యాబుల వాళ్లు "ఈబీవీ యాంటీబాడీ" పరీక్షను ప్యాకేజీల్లో అమ్ముతున్నారు. పాత ఇన్ఫెక్షన్‌ను చూపే ఐజీజీ అనే ఆ యాంటీబాడీ పెద్దవాళ్లలో దాదాపు అందరికీ పాజిటివే వస్తుంది. ఆ కాగితం చూసి గుండెలు బాదుకునేవాళ్లను, ఆ భయానికి కషాయాలు అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక పోలియో టీకాలో కోతి వైరస్ కలిసి క్యాన్సర్లు పెరిగాయనే వాదం. 1955 నుంచి 1963 మధ్య కొన్ని టీకాల్లో ఎస్‌వీ40 అనే ఆ వైరస్ కలిసిన మాట వాస్తవం. ఆ టీకాలు వేసుకున్న తరాలను దశాబ్దాలు గమనించినా దానివల్ల లింఫోమాలు పెరిగిన జాడ తేలలేదు. దాని మీద ఇంతకంటే సిరా దండగ.

ఇన్ఫెక్షన్ అంటే ఇబ్రహీంపట్నానికి భయం ఉండటంలో నేను తప్పు పట్టను. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాస్పత్రిలో ముప్పై నలుగురు ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అందరూ చిన్నపిల్లల తల్లులు. అది నిజంగా ఇన్ఫెక్షన్. దానికి బాధ్యులున్నారు, అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఆ రోజుల్లో ఆ ప్రశ్నల కోసం రోడ్డెక్కింది ఆ ఇళ్లవాళ్లూ మరికొందరూ. ఇవాళ వైరస్ గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్లో ఎంతమంది ఆనాడు బయటికి వచ్చారు? అడగాల్సిన చోట నోరు పెగలదు, దుఃఖంలో ఉన్న ఇంటి మీద మాత్రం లేస్తుంది. నాకు మండేది ఇక్కడే.

ఈ వైరస్ గోలలో అసలు అడగాల్సిన ప్రశ్న మరుగున పడిపోయింది. మనిషి మాట తడబడుతున్నది, చుట్టాల పేర్లు మర్చిపోతున్నాడు, ఒక చెయ్యి బలం తగ్గింది. స్కాన్‌లో గడ్డ. మన దగ్గర తలలో గడ్డ అంటే ముందు తట్టేది టీబీ, అది సహజమే, టీబీ గడ్డలు మన దేశంలో ఎక్కువ. టీబీ మందులతోపాటు వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. వారం పది రోజుల్లో మనిషి లేచి కూర్చుంటాడు. మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ దేవుడికి మొక్కుతారు. పనిచేసింది టీబీ మందు కాదు. స్టెరాయిడ్ లింఫోమా కణాలను తాత్కాలికంగా కరిగిస్తుంది. స్కాన్‌లో గడ్డ మాయమవుతుంది కూడా. కొన్ని వారాలకో నెలలకో తిరిగి వస్తుంది, ఒక్కోసారి ఇంకో చోట. అప్పుడు ముక్క తీసి పరీక్షించినా, ఒంట్లో స్టెరాయిడ్ ఉంటే చచ్చిన కణాలే కనపడి జబ్బు పేరు తేలకపోవచ్చు. మా చుట్టానికి అచ్చంగా ఇదే జరిగింది. మూడు ఆస్పత్రులు తిరిగారు, జబ్బు పేరు తేలేసరికి మంచం పట్టాడు.

జబ్బు పేరు వేళకు తేలితే వైద్యం ఉంది. పుర్రె తెరిచి గడ్డనంతా తీసెయ్యాల్సిన పని సాధారణంగా ఉండదు, సూదితో ముక్క తీస్తే చాలు. తరవాత పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్. ఆస్పత్రిలో పెట్టి, సెలైన్లు ఎక్కించి, కిడ్నీలను కనిపెట్టుకుంటూ, విరుగుడుగా ల్యూకోవొరిన్ ఇస్తూ చేయాల్సిన వైద్యం. ఒకప్పుడు తలకు రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన రోజుల్లో ఏడాది అటూ ఇటూ బతికేవాళ్లు. మెథోట్రెక్సేట్ వచ్చాక ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లున్నారు. వయసు, ఒంటి బలం, ఎంత తొందరగా మొదలుపెట్టారన్నది చూస్తుంది ఈ జబ్బు. నాలుగు నెలలు టీబీ మందులు మింగి వచ్చినవాడికి ఆ మూడోది లేకుండా పోతుంది.

కాబట్టి రోగి ప్రాణం మీదికి రాకుండా నిలకడగా ఉన్నంతసేపు, ముక్క తీయకముందే స్టెరాయిడ్ ఎందుకు మొదలుపెడుతున్నారని డాక్టర్ని అడగండి. తలలో గడ్డ అనుమానం ఉన్నవాళ్లను ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల ఆస్పత్రుల నుంచి నేరుగా నిమ్స్‌కో గాంధీకో పంపే పద్ధతి ఒకటి ఉండాలి. అది ఎలా ఉండాలన్నది వైద్యశాఖ వాళ్లూ న్యూరాలజీ డాక్టర్లూ కూర్చుని తేల్చాలి. అడగడం మాత్రం మన పని. ఇక ఆ పంక్తిలో మాట అన్న పెద్దమనిషి ఎవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. సంబంధం వద్దనుకున్న మంచాల పెండ్లికొడుకు ఇంటికి ఆయన తానే వెళ్లి, తాను అన్నది తప్పని ఆ పిల్ల తరఫున చెప్పి రావాలి.