దుమాస్ ఇసుకలో ఇనుముంది, దయ్యాల్లేవు

సూరత్‌లోని పాండేసరలో మన తెలుగువాళ్ళని ఎవరినైనా అడగండి, దుమాస్ బీచ్ గురించి రెండే మాటలు వినిపిస్తాయి. అక్కడ దయ్యాలుంటాయి అన్నది ఒకటి. అక్కడ చూడ్డానికేముంది, బురద తప్ప అన్నది రెండోది. డైయింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళదీ, ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ళదీ, సిరిసిల్ల నుంచీ వరంగల్ నుంచీ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళదీ ఇదే పాట. టీవీలూ యూట్యూబ్ వీడియోలూ రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట పక్కన దుమాస్‌నూ చేర్చి చూపించడం మొదలయ్యాక ఈ పుకారుకి చదువుకున్నవాళ్ళ ఆమోదం కూడా దొరికింది. ఇంజనీరింగ్ పాసైన కుర్రాడు సైతం ‘ఏమో అన్నా, ఏదో ఉందట’ అంటాడు.

ఆ ‘ఏదో’కి చూపించే సాక్ష్యం ఒక్కటే: ఇసుక నల్లగా ఉంది. ఒకప్పుడక్కడ శ్మశానం ఉండేదట, చితాభస్మం కలిసి కలిసి ఇసుక నల్లబడిందట. కాలిన చితిని ఒక్కసారి చూసినవాడైనా ఈ మాట అనకూడదు. చితిలో మిగిలే బూడిద తెల్లటి పొడి. నీళ్ళు తగిలితే కొంత కరుగుతుంది, మిగతాది తేలిగ్గా కొట్టుకుపోతుంది. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి కడిగే తీరంలో అది నాలుగు రోజులు కూడా నిలవదు. తపతి అవతలి ఒడ్డున సువాలీ ఉంది, 1612లో ఇంగ్లిషువాళ్ళూ పోర్చుగీసువాళ్ళూ ఓడలతో తలపడిన చోటు. అక్కడా ఇసుక నల్లదే. మరి ఆ దయ్యాలు నది దాటి ఎందుకు వెళ్ళలేదో చెప్పేవాళ్ళు లేరు.

ఇంత వాదన కూడా అక్కర్లేదు. పాత స్పీకరు పాడైతే లోపలి అయస్కాంతాన్ని పారేయకుండా దాచండి. దాన్నొక పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దుమాస్‌లో పొడి ఇసుక మీద నెమ్మదిగా లాగండి. నల్లటి రేణువులు సంచి చుట్టూ ముళ్ళలా లేచి నిలబడతాయి. అయస్కాంతాన్ని సంచిలోంచి బయటికి తీస్తే జలజల రాలిపోతాయి. వేళ్ళ మధ్య నలిపితే బూడిదలా మెత్తగా ఉండవు, గరగరలాడతాయి, చేతిలో బరువు తెలుస్తుంది. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. చితాభస్మం అయస్కాంతానికి అంటుకోదు.

ఆ ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు కథ. దయ్యం కథకన్నా ఎన్నో రెట్లు పెద్దది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో నేల చీలి లావా పొంగింది. పొర మీద పొర పేరుకుని, కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల మందాన గడ్డకట్టింది. ఇవాళ్టికీ సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి, అంటే బసాల్ట్, పరుచుకుని ఉంది. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తపతి 724 కిలోమీటర్ల దారిలో చాలాభాగం ఈ రాతి మీదే నడుస్తుంది. రాయిని అరగదీసి, తేలికపాటి మట్టిని ముందుకు నెట్టి, బరువైన నల్ల రేణువుల్ని తీరాన వదిలేస్తుంది. అలలూ గాలీ వాటిని ఇంకోసారి చెరుగుతాయి. దుమాస్ ఇసుక అగ్నిపర్వతపు పిండి.

ఆ రాయి మనకు పరాయిది కాదు. ఆదిలాబాద్‌లో పత్తి పండించే నల్లరేగడి ఆ బసాల్ట్ చివికి ఏర్పడిన మట్టే. వికారాబాద్ వైపూ ఉంది. రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా పశ్చిమం నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన ఆ లావాయేనని పలువురు భూవిజ్ఞానులు అంటారు. ఆదిలాబాద్ చేలని చూసి శవాల బూడిద అన్నవాడు లేడు. సముద్రం ఒడ్డున అదే నలుపు కనబడగానే మనకి దయ్యం ఎందుకు గుర్తొస్తుందో!

ఇక చూడ్డానికేముంది అనేవాళ్ళ సంగతి. వీళ్ళే, నాలుగు డబ్బులు చేరగానే, మారిషస్ ఫొటోలు స్టేటస్‌లో పెడతారు. ఐస్‌లాండ్‌లో రేనిస్‌ఫ్యారా అనే నల్లిసుక తీరం ఉంది, ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్ళి చూస్తారు. హవాయిలో పునలూ నల్లిసుక కోసమే పేరుపొందింది. అక్కడ వింత అయిన రంగు ఇక్కడ పీడ అయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే.

మారిషస్ అన్నాను కాబట్టి ఒక మాట. దక్కన్ లావా ఉబికింది భూగర్భంలోని ఏ వేడి ఊట వల్లనని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారో, మారిషస్‌ని పుట్టించిందీ, పక్కనే రీయూనియన్‌లో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్నదీ అదే. భారత భూఖండం ఉత్తరానికి జరిగిపోతే ఊట వెనక ఉండిపోయింది. తమాషా ఏమిటంటే, మారిషస్ బీచుల్లో యాత్రికులు నడిచే తెల్లటి ఇసుక చాలావరకు పగడాల పొడి. రాళ్ళు మాత్రం నల్లవి. అగ్నిపర్వతపు దీవి చూశామనుకుని పగడాల మీద నడిచి వస్తారు. లావా ఇసుక పాండేసరకు పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటే ముఖం చిట్లిస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఆ దీవికి వెళ్ళిన తెలుగు కూలీలకు మాత్రం ఆ నల్లరాయి బాగా తెలుసు. చెరకు తోటల కోసం వాళ్ళూ ఇతర కూలీలూ చేలల్లోంచి ఏరి పోసిన బసాల్ట్ గుట్టలు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి.

రాత్రిపూట మనుషులు మాయమవుతారన్న భయానికి మూలం లేకపోలేదు. ఆ మూలం పేరు ఆటుపోట్లు. విశాఖలో పోటుకూ ఆటుకూ తేడా మనిషెత్తు దాటదు. ఖంభాత్ అఖాతంలో సంగతి వేరు: భావనగర్ దగ్గర పది మీటర్లకు చేరుతుంది, సూరత్ తీరంలో పెద్ద పోట్ల రోజున ఐదారు మీటర్లు ఉంటుంది. తీరం చదునుగా ఉంటుంది కాబట్టి ఆటు వేళ నీళ్ళు కనుచూపు దూరానికి వెళ్ళిపోతాయి. జనం తడి ఇసుక మీద, బురద మీద లోపలికి నడుస్తారు, కొందరు కార్లు కూడా దించి కూరుకుపోతారు. నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు ముందు పల్లపు పాయలు నిండుతాయి, అంటే వెనక్కి వచ్చే దారి ముందే మూసుకుపోతుంది. చీకట్లో అది కనబడదు.

అమావాస్య నాడు అటు వెళ్ళొద్దని పెద్దవాళ్ళు అంటే ఆ మాటలో నిజముంది: అమావాస్యకు పోటు పెద్దది. పౌర్ణమికీ అంతే పెద్దది. దయ్యం కథ మిమ్మల్ని అమావాస్య నాడు ఆపుతుంది, పౌర్ణమి నాడు వెన్నెల చూడమని పంపుతుంది. ఆ కథ మీద నా అసలు కోపం ఇక్కడే. సరదా కబురైతే పోనిద్దును. ప్రమాదం జరిగితే ‘అక్కడ అంతే’ అని చేతులు దులుపుకోవడానికి అది అందరికీ పనికొస్తోంది. హెచ్చరిక ఎక్కడుందని ఎవరూ అడగరు. రేనిస్‌ఫ్యారాలోనూ అలలు మనుషుల్ని లాక్కెళ్ళాయి; వాళ్ళు దీపాలతో హెచ్చరిక బోర్డులు పెట్టారు.

పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాడికి సముద్రం షికారు ఏమిటి అనేవాళ్ళున్నారు. వాడికి కాకపోతే ఎవరికి? మిల్లు ఆవిరీ బొగ్గు పొగా పీల్చేవాడికి ఆ గాలి పైసా ఖర్చు లేని మందు. సూరతీలు ఇది ఎప్పుడో గ్రహించారు. ఆదివారం సాయంత్రం దుమాస్‌లో టమాటా భజియా బండ్ల ముందు గుంపు చూడండి: టమాటా చక్రానికి పచ్చటి చట్నీ పూసి, శనగపిండిలో ముంచి, నూనెలో వదులుతుంటే నిలబడి తినేవాళ్ళలో ఒక్కరి ముఖంలోనూ దయ్యం భయం కనబడదు. దరియా గణేశ్ గుడికి వచ్చేవాళ్ళలోనూ అంతే.

సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడుల ఉపాధ్యాయులకు నా విన్నపం: ఒక ఆదివారం పగలు, పిల్లల్ని దుమాస్ తీసుకెళ్ళండి, తలా ఒక అయస్కాంతం ఇవ్వండి. అధికారులకు: ఏ రోజు పోటు ఎన్ని గంటలకో గుజరాతీ, హిందీ, ఒడియా, తెలుగుల్లో రాసిన బోర్డు ఒకటి తీరం మీద పెట్టించండి. అది వచ్చేదాకా, వెళ్ళే ప్రతివాళ్ళూ పోటు వేళ ముందే కనుక్కుని, నీళ్ళు మళ్ళకముందే ఒడ్డుకు రండి.