హోం శాఖ దస్త్రంలో అనంత కరువు

శాంతిభద్రతలు, పోలీసు అనే రెండు అంశాలను రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితా మొదట్లోనే చేర్చింది గనుక, ఫ్యాక్షన్ కక్షలతో అనంతపురం జిల్లా అట్టుడికిన రోజుల్లో సైతం ఠాణాల బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే. ఐపీఎస్ అధికారుల కేడరును చూడడం, రాష్ట్రం కోరినప్పుడు సాయుధ బలగాలను పంపడం, అంతర్గత కల్లోలం నుంచి రాష్ట్రాలను కాపాడాలన్న 355వ అధికరణం విధిని నెరవేర్చడం వంటివి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పనులు. అయినా ఈ మెట్ట సీమ జనజీవితాన్ని ఆ శాఖ నిజంగా తాకేది బలగాల రూపంలో కాదు, కరువు దస్త్రం మీద పెట్టే ఆఖరి సంతకం రూపంలో.

భుజ్ భూకంపం మరుసటి ఏడు, అంటే 2002లో, విపత్తుల నిర్వహణ వ్యవసాయ శాఖ నుంచి హోం శాఖకు మారింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం దానికి జాతీయ విపత్తు ప్రతిస్పందన దళాన్ని, నిధిని సమకూర్చింది. ఆ దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉంది. తుపానులు, వరదలు, భూకంపాలు అలా హోం శాఖ చేతికి పోగా, కరువు మాత్రం వ్యవసాయ శాఖలోనే ఉండిపోయింది. పంట నష్టమే కరువు అనుకుంటే ఈ పంపకం సబబే. కాని తాగునీరు, పశుగ్రాసం, బెంగళూరుకు సాగే వలస ఏ పంట లెక్కలోనూ ఇమడవు.

కరువును గుర్తించే తీరును 2016లో సవరించిన కేంద్ర మార్గదర్శిక నిర్ణయిస్తుంది. దాని ప్రకారం ముందు వర్షాభావం తేలాలి. ఆపైన విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనపు సూచిక, నేలలో తేమ, భూగర్భజలం వంటి కొలమానాలు సరిపోలాలి. పదో వంతు గ్రామాల్లో పొలం తనిఖీ జరగాలి. ఇన్ని దాటి కరువు ‘తీవ్రం’ అని తేలితేనే జాతీయ ప్రతిస్పందన నిధికి అర్హత వస్తుంది. రాష్ట్రం పంపిన వినతిపత్రం వ్యవసాయ శాఖకు చేరి, వివిధ శాఖల అధికారులతో కూడిన కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్ళి, వ్యవసాయ శాఖ కార్యదర్శి నాయకత్వంలోని ఉపసంఘం పరిశీలించి, చివరికి హోం మంత్రి అధ్యక్షతన ఉన్నతస్థాయి సంఘం తేలుస్తుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించగా, కేంద్ర బృందం డిసెంబరులో వచ్చింది. జూన్, జూలై నెలల్లో విత్తిన వేరుశనగకు డిసెంబరులో చూడడానికి మిగిలేదేమిటి? చెట్టు పీకి, మేతకు వాడి, చేను దున్నేసిన రైతును పంట చూపమంటే ఏం చూపుతాడు?

పోలిక కూడా ఈ నేల మీదే ఉంది. 2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద చిత్రావతి వరదలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టర్ కాపాడింది. ప్రాణం కళ్ళెదుట కొట్టుకుపోతుంటే ఎవరి శాఖ అన్న ప్రశ్న రాదు; నెలల తరబడి ఎండుతుంటే మాత్రం అది తప్పక వస్తుంది. పోనీ, వచ్చే సాయమైనా పెద్దదా అంటే, 2022లో సవరించిన నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి పంట పోయిన మెట్ట రైతుకు దక్కే ఇన్‌పుట్ సబ్సిడీ హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. విత్తనకాయల ఖర్చే భారమైన పంటకు ఇది ఏ మూలకు?

స్వరాజ్ అభియాన్ సంస్థ వేసిన కేసులో 2016 మేలో సుప్రీంకోర్టు కరువును విపత్తు చట్టం పరిధిలోని విపత్తుగానే చూస్తూ, నష్టం జరగకముందే దాన్ని తగ్గించే ఉపశమన నిధిని నెలకొల్పాలని ఆదేశించింది. ఆ జాతీయ నిధి 2021లో గాని ఏర్పడలేదు. పదిహేనో ఆర్థిక సంఘం కరువు పీడిత రాష్ట్రాలు పన్నెండింటికి, అందులో ఆంధ్రప్రదేశ్‌కూ, ఐదేళ్ళకు మొత్తం 1,200 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. పన్నెండు రాష్ట్రాలకు పంచితే అది స్వల్పమే. అయినా చెరువుల పూడిక, వంకల మీద చెక్‌డ్యాములు, పశుగ్రాసం నిల్వల వంటి పనులను వర్షాభావం రాకముందే చేపట్టించే అవకాశం హోం శాఖకు ఉన్నది ఈ నిధి ద్వారానే. అలాగే ఆఖరి సంతకం తనదైనప్పుడు మొదటి తనిఖీ గడువును కూడా ఆ శాఖే నిర్దేశించాలి. ఖరీఫ్ పంట చేలో ఉండగానే, అంటే సెప్టెంబరు లోపే, కేంద్ర బృందం పొలానికి రావాలన్న షరతును అది విధించలేకపోవడానికి తగిన కారణమేదీ కనిపించదు.