వైద్యునికి వార్షిక చందా

సుమారు ముప్పది సంవత్సరములకు పూర్వము మా పాఠశాలలో చదువుకొని, పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, అమెరికా దేశమున ఒహైయో రాష్ట్రములో ఒక చిన్న పట్టణమునందు స్థిరపడిన శిష్యుడొకడు నాకు కలడు. శస్త్రచికిత్సలు చేయువాడు కాడు. జ్వరము మొదలు మధుమేహము వరకు అన్ని వ్యాధులకును మొట్టమొదట జనులు పోయి చూపించుకొను సామాన్య వైద్యుడు. గత మాసమున అతడు నాకొక దీర్ఘమైన ఉత్తరము వ్రాసెను. ఒక సంస్థ ప్రతినిధి అతనికడకు వచ్చి, "మీకిప్పుడు 2,300 మంది రోగులు కలరు. వారిలో 600 మందిని మాత్రమే ఉంచుకొనుడు. ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,000 డాలర్లు చందా చెల్లింతురు. అందు కొంత భాగము మాది, తక్కినది మీది" అని చెప్పినాడట. ఉత్తరము చివర, "మాస్టారూ, నన్నేమి చేయమందురు?" అని అడిగినాడు.

నేను వానికి లెక్కలు చెప్పినవాడను. కావున ముందు లెక్కయే వేసితిని. 600 మంది, 2,000 డాలర్ల చొప్పున, 12 లక్షల డాలర్లు. పిమ్మట రెండవ లెక్క: 2,300లో 600 తీసివేయగా 1,700. మొదటి లెక్కను ఆ ప్రతినిధి వ్రాసి చూపించెనట. రెండవది అతని కాగితములో ఎచ్చటను లేదట.

ఈ పద్ధతికి అచ్చట 'కాన్సియెర్జ్' వైద్యమని పేరు. ఆ మాట ఫ్రెంచివారిది. భవనద్వారము కడ కూర్చుండి వచ్చిపోవువారిని కనిపెట్టియుండు కావలివానికి చెల్లు పేరు. పెద్ద హోటళ్లలో దిగినవారికి బండి కుదుర్చుట, నాటకమునకు టిక్కెట్లు తెచ్చిపెట్టుట మొదలగు పనులు చేయు ఉద్యోగికిని ఆ పేరే వచ్చినది. అచ్చటినుండి వైద్యమునకు ప్రాకినది. వైద్యులలో పలువురకు ఈ పేరు రుచింపక 'సభ్యత్వ వైద్య'మని మార్చి చెప్పుకొందురు. నాకు మాత్రము మొదటి పేరే నిజమును దాచనిదిగా తోచుచున్నది.

1996లో సియాటిల్ నగరమున హోవర్డ్ మేరన్ అను వైద్యుడు ఇట్టి పద్ధతికి శ్రీకారము చుట్టెను. అంతకుముందాయన ఆ నగరపు బాస్కెట్‌బాల్ జట్టయిన 'సూపర్‌సోనిక్స్'కు వైద్యుడు. పిలిచినంతనే వైద్యుడు క్రీడాకారుల యెదుట నిలుచుట చూచిన అనుభవమే ఈ ఆలోచనకు బీజమై యుండును. ఒక వైద్యునికి 50 కుటుంబములే. రుసుము వేల డాలర్లు. అది కోటీశ్వరుల ముచ్చట. 2000వ సంవత్సరమున ఫ్లోరిడాలోని బోకా రాటన్ పట్టణమున 'ఎం.డి.వి.ఐ.పి.' అను సంస్థ వెలసి, వైద్యునికి 600 మంది, మనిషికి సంవత్సరమునకు 1,500 డాలర్లు అను ఏర్పాటుతో ఆ ముచ్చటను మధ్యతరగతి పైమెట్టు వరకు దింపినది. సబ్బులు, పండ్లు తోముకొను పేస్టులు అమ్ము ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 2009లో ఆ సంస్థను కొని, 2014లో అమ్మివేసెను. 2023లో అమెజాన్ కంపెనీ 'వన్ మెడికల్' అను మరియొక సభ్యత్వ వైద్యసంస్థను 390 కోట్ల డాలర్లకు కొని, తన ప్రైమ్ చందాదారులకు సంవత్సరమునకు 99 డాలర్లకే సభ్యత్వమిత్తునని ప్రకటించెను. ఈ చవక సభ్యత్వమునందు వైద్యునికి రోగుల సంఖ్య తగ్గునన్న హామీ లేదు. త్వరగా దర్శనము దొరకుటయు, ఫోనులో మాటలాడుటయు మాత్రమే లాభము.

ఈ చందా బీమాకు బదులు కాదు, బీమాపైన అదనము. 65 ఏండ్లు నిండినవారికై అచ్చటి ప్రభుత్వము నడపు మెడికేర్ పథకములో చేరిన వైద్యుడు, ఆ పథకము భరించు సేవకు రోగినుండి మరల అదనపు సొమ్ము గైకొనరాదు. కావున చందా చికిత్సకు కాదనియు, పథకములో లేని విశేష సేవలకనియు ఒడంబడికలో వ్రాసికొందురు. బీమాతో నిమిత్తము లేక నెలకింత అని తీసికొను వేరొక తెగ వైద్యులును కలరు. వీరి రుసుము తక్కువ; వీరిలో పలువురు సామాన్య జనుల మధ్యనే యున్నవారు. వీరిని ఈ విమర్శలో కలుపుట న్యాయము కాదు. నెలకు 150 డాలర్లకు మించని అట్టి రుసుమును పన్ను లేని ఆరోగ్య పొదుపు ఖాతానుండి చెల్లించుటకు 2025లో చేసిన చట్టము వీలు కల్పించినది. 2026 జనవరినుండి అది అమలులోనికి వచ్చినది.

ఇక నా శిష్యుని మాట. అతడు ధనలోభి కాడు. దినమునకు ఇరువది యిద్దరు ముగ్గురు రోగులను చూచును. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు. "ఎనుబది యేండ్ల అవ్వ చలికోటు విప్పి కూర్చుండుటకే నాలుగు నిమిషములు పట్టును మాస్టారూ, తక్కిన పదకొండులో సగము నేను కంప్యూటరు వంక చూచుచుందును" అని వ్రాసెను. రాత్రి భోజనమైన పిమ్మట పదునొకండు గంటల వరకు ఆ దినపు రోగుల వివరములు ఎక్కించును. 2022లో చికాగో విశ్వవిద్యాలయమువారు మరికొందరితో కలిసి ఒక లెక్క ప్రచురించిరి. 2,500 మంది పెద్దవారి బాధ్యత వహించు వైద్యుడు శాస్త్రము చెప్పిన సేవలన్నియు లోపము లేక చేయవలెనన్నచో దినమునకు 26.7 గంటలు కావలయునట! దినమునకు 24 గంటలే యని పిల్లలకు చెప్పిన పంతుళ్లము గదా, మనకీ లెక్క వేరే వివరింప నక్కరలేదు.

ఇందుకు కారణమును అచ్చట పనికి వెల కట్టు రీతిలో వెదకవలెను. 1992 నుండి మెడికేర్‌లో ప్రతి వైద్యసేవకును పాళ్లు నిర్ణయించి సొమ్ము చెల్లించుచున్నారు. కోసి కుట్టుటకును, యంత్రములతో పరీక్షించుటకును వెల హెచ్చు. రోగి యెదుట కూర్చుండి విని, ఆలోచించి, ఓదార్చుటకు వెల తక్కువ. వినుటకు వెల లేని చోట వైద్యుడు వినుట మాని పరుగెత్తును. అలసిన పిమ్మట ఎవరైన వచ్చి "నీవు వినవచ్చును, కాని 600 మందినే" అన్నచో ఆ మాట అమృతప్రాయముగా నుండుటలో వింత లేదు.

చందా చెల్లించువారిని కూడ నేను నిందింపలేను. రోగభయము కలవాడు, చేతిలో సొమ్మున్నవాడు, తన వైద్యునికి తన పేరు గుర్తుండవలెనని కోరుట సహజము. అయితే దానివలన ఆయుష్షు పెరుగునా? 2023లో ఆరోగ్య అర్థశాస్త్ర పత్రిక యొకదానిలో వెలువడిన అధ్యయనము ప్రకారము, ఇట్టి పద్ధతిలో చేరినవారి వైద్యవ్యయము నూటికి 30 నుండి 50 వంతులు పెరిగినది. మరణములు తగ్గినట్లు ఆధారము కనబడలేదు. మనశ్శాంతికి వెల లేదా యన్నచో కలదు. అయితే అది మనశ్శాంతి వెల యనియే చెప్పవలెను.

నన్ను కలతపెట్టినది ఆ 1,700 మంది విషయము. వారెచ్చటికి పోవుదురు? అమెరికా వైద్య కళాశాలల సంఘము 2024లో ప్రకటించిన అంచనా ప్రకారము 2036 నాటికి ఆ దేశమున 86,000 మంది వరకు వైద్యులు తక్కువ పడవచ్చును. ఒక వైద్యుడు తన భారము దింపుకొన్నచో ఆ భారము గాలిలో కలిసిపోదు. ప్రక్క వీధిలో ఇప్పటికే వంగియున్న మరియొక వైద్యుని వీపున పడును. అతడును అలసి రేపు అదే సంస్థను పిలుచును. చందా కట్టలేనివాడే ముందుగా బయటికి పోవును. అట్టివాడు తరచుగా రోగము ముదిరినవాడై యుండును. ఏలయన రోగమే వాని సంపాదనను తినివేసినది.

ఈ సందర్భమున ఉపాధ్యాయులమైన మనము మన యింటి సంగతి ఒకటి జ్ఞాపకము చేసికొనవలెను. తరగతిలో చెప్పవలసిన పాఠమును సగమే చెప్పి, తక్కిన సగము సాయంకాలము ట్యూషనులో చెప్పినవారు మనలో లేకపోలేదు. జీతములు చాలని దినములలో అది బ్రతుకుతెరువై యుండెను. ఎల్లరును దురాశచే చేసిరని నేననను. నేనును రెండేండ్లు చెప్పితిని. నా వద్ద ట్యూషను చదువు పిల్లవాడు తరగతిలో చేయి యెత్తినప్పుడు నా చూపు వానివైపు ముందుగా పోవుచున్నదని ఒకనాడు నాకే తెలిసివచ్చెను. చూపును ఆపుట చేతకాక ట్యూషనునే మానుకొంటిని. పిమ్మట 2009 నాటి విద్యాహక్కు చట్టము 28వ విభాగమున ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషనులు చెప్పరాదని శాసించినది. ఆ చట్టపు అనుబంధమే ప్రాథమిక పాఠశాలలో 30 మంది పిల్లలకొక ఉపాధ్యాయుడుండవలెనని కూడ చెప్పినది. అరువదిమందితో క్రిక్కిరిసిన తరగతికి రెండవ ఉపాధ్యాయుని వేయుడని అడుగుట ఒక మార్గము. రుసుము కట్టగల ముప్పదిమందిని ఉంచుకొని తక్కినవారిని వరండాలోనికి పంపుట మరియొక మార్గము. రెండింటను తరగతిలో మిగులువారు ముప్పదిమందియే.

చందా యనునది దానంతట అది పాపము కాదు. మన పల్లెలలో పంట కళ్ళమునకు వచ్చినప్పుడు చాకలికి, మంగలికి ధాన్యము కొలిచి యిచ్చు 'మేర' యుండెడిది. మంగలి గడ్డములు గీయుటయే కాక పుండ్లు కోసి కట్టు కట్టెడివాడు. వాని భార్య పురుడు పోసెడిది. సంవత్సరమున కొకసారి కొలత. పిలిచినప్పుడు వచ్చుట వారి విధి. ఇందును దోషములు కలవు. అంటరానివారని వెలివేయబడిన వాడలకు ఆ సేవ దక్కలేదు; సేవకుని శ్రమకు చాలినంత కొలతయు లేదు. దానిని స్వర్ణయుగమని నేను పొగడబోను.

అంతకంటె మేలైన ఉదాహరణ సముద్రముల కావల నున్నది. దక్షిణ వేల్స్‌లో ట్రెడెగార్ అను బొగ్గుగనుల ఊరిలో పందొమ్మిదవ శతాబ్దాంతమున కార్మికులు తమ కూలిలోనుండి ఇంత అని తీసి, ఒక వైద్య సహాయ సంఘముగా ఏర్పడి, వైద్యులను తామే నియమించుకొనిరి. నవలాకారుడు ఎ. జె. క్రోనిన్ 1920ల తొలినాళ్లలో ఆ ఊరిలో వైద్యుడుగా పనిచేసెను. ఆ ఊరిలోనే పుట్టిపెరిగిన అన్యూరిన్ బెవాన్ ఆరోగ్యమంత్రియై 1948 జూలై 5న బ్రిటన్ దేశమునకంతకు జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పెను. నేడచ్చటను వైద్యుని దర్శనమునకు కాచుకొనవలసి వచ్చుచున్నదని జనులు విసుగుకొందురు. అది వేరు సంగతి. ట్రెడెగార్ చందాయు చందాయే, బోకా రాటన్ చందాయు చందాయే. గని కార్మికుడు తనతోబాటు పొరుగువానికిని వైద్యుడు దొరకుటకై చెల్లించెను. ఇప్పటి చందాదారుడు పొరుగువాడు లేచిపోయిన కుర్చీకి వెల చెల్లించుచున్నాడు.

ఇదంతయు వ్రాసి పంపితిని. శిష్యుడు వెంటనే జవాబిచ్చెను. "ఎవరిని పంపివేయకుండ, ఇష్టమున్న వందమందివద్ద మాత్రమే చందా తీసికొని, తక్కినవారిని యథాప్రకారము చూచిన నేమి? అట్టి ఏర్పాటును కూడ చేయుదుమని సంస్థవారు చెప్పుచున్నారు" అని. అది సరిగా నా ట్యూషను తరగతియే. ఒకే గదిలో రెండు విధములైన పిల్లలు. ఎవరిని ముందు చూతునో నాకే తెలియని చూపు. ఆ పద్ధతికంటె అందరిని పంపివేయుటలోనే కొంత నిజాయితీ కలదని వ్రాసితిని. బహుశః కఠినముగా వ్రాసితినేమో. వాని భార్య ఫోనులో, "మీరు చెప్పినది బాగే యున్నది మాస్టారూ, కాని పిల్లలు నిద్రించిన తరువాతనే ఈయన ఇల్లు చేరుచున్నారు" అన్నది. ఆమెకు చెప్పదగిన సమాధానము నావద్ద లేకపోయెను.

తనతో నున్న మరి యిద్దరు వైద్యులతో కలిసి ఒక నర్సును, వివరములు వ్రాయువారిని ఒకరిని నియమించుకొన్నచో రాత్రిపని తగ్గునేమో చూడుమని అంటిని. ఆదాయము కొంత తగ్గునని అతడును అంగీకరించినాడు. సంస్థవారికి జవాబు చెప్పవలసిన గడువు ఈ మాసాంతము. అంతవరకు ఒక్క పని చేయుమని కోరితిని: ఆ 1,700 మందికి పంపుటకు వారు అచ్చువేసి తెచ్చిన ఉత్తరము మీద సంతకము పెట్టుటకు ముందు, ఎవరు ఏ వైద్యుని యొద్దకు పోగలరో పేరు పేరున వ్రాసి, ఆ వైద్యుల కార్యాలయములకు స్వయముగా ఫోను చేసి చూడుమని. 140 పేర్ల వరకు వచ్చితిననియు, వారిలో 36 మందికి చోటు దొరికినదనియు నిన్న వ్రాసెను.