కరెంటు పారే కంపోస్టబుల్ ప్లాస్టిక్: మట్టిలో చివరికి మిగిలేది ఏమిటి?

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం మట్టిలో కలిసిపోయే కవర్లు అమ్మే కౌంటర్ తెరిచారు. ఆ కవర్లను రూపొందించింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్. మరుసటి ఏడాది జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతటా నిషేధం వచ్చింది. దాంతో 'కంపోస్టబుల్' అనే మాట కూరగాయల బండి దాకా చేరిపోయింది. మామూలు క్యారీ బ్యాగ్ 120 మైక్రాన్ల మందం ఉండాలి, కంపోస్టబుల్ కవరుకు ఆ నిబంధన లేదు.

కానీ ఈ రకం ప్లాస్టిక్‌కి లోట్లు చాలానే ఉన్నాయి. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అందులో పొగలు కక్కే హలీం పోస్తే కప్పు వంగిపోతుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా. ఇంకో లోటు మామూలు జనానికి కనపడదు: దాంట్లో కరెంటు పారదు.

కూరగాయల సంచికి కరెంటుతో పనేముంది? ఏమీ లేదు. ఫోన్ బోర్డులు, చిప్‌లు ప్యాక్ చేసే కవరుకు మాత్రం ఉంది. చలికాలంలో స్వెట్టర్ విప్పితే చిటపటమనే స్టాటిక్ కరెంటు మనిషికి చిన్న చురుకు, చిప్‌కి చావు. అందుకే అలాంటి కవర్లలో ఆ కరెంటు పోగుపడకుండా కార్బన్ పొడో, ఇంకేదైనా మందో కలుపుతారు. అసలు సరుకు పాత పాలిథిన్ కాబట్టి అది ఎన్నేళ్లయినా మట్టిలో కలవదు. ల్యాబ్‌లలో ఇప్పుడు చేస్తున్న ప్రయత్నం ఏమిటంటే, పీఎల్ఏ లాంటి ప్లాస్టిక్‌లోనే పాలిఅనిలిన్, పాలిపిరోల్ లాంటి కరెంటు పారే పాలిమర్లు కలపడం. ప్లాస్టిక్‌లో కూడా కరెంటు పారుతుందని చూపినందుకే హీగర్, మ్యాక్‌డయర్మిడ్, షిరకావాలకు 2000లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

చిటికెడు కలిపితే సరిపోదు. ఆ రేణువులు ఒకదానికొకటి తగులుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా దారి కట్టాలి. మంటలార్పేవాళ్లు వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు. మధ్యలో ఒక్కరు తప్పుకున్నా నీళ్లు ఆగిపోతాయి. అందుకని సాధారణంగా కొన్ని శాతం కలపాల్సి వస్తుంది. చిక్కంతా ఈ శాతం దగ్గరే.

ఎందుకంటే ఈ పాలిమర్లు వాటంతట అవి కుళ్లవు. కరెంటు పారనిచ్చే ఆ గట్టి అల్లికే సూక్ష్మజీవులకు కొరుకుడు పడదు. ఇప్పుడు లెక్క చూడండి. వంద కిలోల సరుకులో 5 కిలోల పాలిఅనిలిన్ ఉందనుకుందాం. కంపోస్టబుల్ అనాలంటే 180 రోజుల్లో 90 శాతం కార్బన్ గాలిలో కలవాలి. మిగతా 95 కిలోలు కరిగితే మొత్తం లెక్కలో ఈ సరుకు పాసైపోవచ్చు! ఇలాంటి దొడ్డిదారి ఉంటుందనే ప్రమాణాల్లో ఇంకో మెలిక పెట్టారు. 1 శాతం, అంతకు మించి కలిపిన ఏ పదార్థమైనా విడిగా కుళ్లుతుందని నిరూపించాలి. ఆలోపు చిన్నాచితకా అన్నీ కలిపినా 5 శాతం దాటకూడదు. ఇది చాలదన్నట్టు 2024 మార్చిలో కేంద్రం నిబంధనలు సవరించింది. బయోడిగ్రేడబుల్ అని చెప్పే ప్లాస్టిక్ మైక్రోప్లాస్టిక్‌ని గానీ, విషపూరిత అవశేషాన్ని గానీ మిగల్చకూడదని అందులో ఉంది. కరెంటు పారే రకానికి ఇది గట్టి పరీక్షే. పెట్టాల్సిన పరీక్షే కూడా.

దీనికి విరుగుడు వెతుకుతున్నవాళ్లూ లేకపోలేదు. పొడవాటి పాలిఅనిలిన్ గొలుసు బదులు చిన్న చిన్న ముక్కలు తీసుకుని, కరిగిపోయే లింకులతో పీఎల్ఏకి అతికిస్తున్నారు. వైద్యంలో దీని మీద ఆశ ఎక్కువ. ఆపరేషన్ తర్వాత వాటంతట అవే కరిగిపోయే కుట్లు చాలామందికి తెలుసు, అవీ ఈ కుటుంబం ప్లాస్టిక్‌లే. తెగిన నరం మళ్లీ పెరగడానికి కరెంటు పారే ఆధారం అల్లాలన్నది పరిశోధకుల ప్రయత్నం. అక్కడ వాడేది కొద్ది గ్రాములు, ధర ఎంతైనా చెల్లుతుంది. ప్యాకింగ్ కవరు రూపాయల్లో పోటీ పడాలి, పైగా టన్నుల్లో చెత్తకుప్పకి చేరుతుంది.

ఆ చెత్త ఎవరి చేతుల్లోంచి పోతుంది? 2022లో ప్రపంచమంతా పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే. మిగతాదాంట్లో పెద్ద భాగం మన దగ్గర కబాడీ దుకాణాలు, ఫోన్ రిపేర్ షాపుల గుండానే పోతుంది. ఆ పని మీద మన కుటుంబాలు ఎన్నో బతుకుతున్నాయి. అక్కడ ప్లాస్టిక్‌ని చేత్తో, కంటితోనే వేరుచేస్తారు. చూడ్డానికి పీఎల్ఏ, వాటర్ బాటిల్ ప్లాస్టిక్ రెండూ ఒకేలా ఉంటాయి. కాస్త పీఎల్ఏ కలిసినా బాటిల్ సరుకు నాణ్యత పడిపోతుంది, రేటూ పడిపోతుంది. నష్టం కబాడీవాలా నెత్తిన.

మరో సంగతి. పీఎల్ఏ తొందరగా కుళ్లాలంటే 58 డిగ్రీల వేడి నిలబెట్టే కంపోస్ట్ ప్లాంటు కావాలి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో చెత్త కింద పడితే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ప్లాంటు లేనిచోట కంపోస్టబుల్ కవరుకి ఎక్కువ డబ్బులిచ్చి కొన్నవాళ్లకి దక్కేది ముద్ర ఒక్కటే.

ఆ ముద్ర అయినా అసలుదో కాదో చూసుకోవచ్చు. నిబంధనల ప్రకారం కంపోస్టబుల్ క్యారీ బ్యాగ్ మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబర్ ఉండాలి. సర్టిఫికెట్ పొందిన కంపెనీల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో ఉంటుంది. హోల్‌సేల్‌లో కట్టలు కట్టలు కొనే దుకాణదారులు డబ్బు కట్టే ముందే ఆ నంబర్‌ని జాబితాతో సరిచూసుకోవాలి.